వెనక్కొచ్చిన తేనె సీసా

మోస్తా,
మార్చి 2

అన్నయ్యా,

రొట్టెలు అందాయి. పడవలో సముద్రం దాటి వచ్చేసరికి పైపెచ్చు కాస్త మెత్తబడింది గాని, టొమాటో రుద్ది, నూనె పోసుకుని నిలబడే తినేశాను. మా ఆయన వెన్జు తన వాటా అడిగాడు. "సాంత్ అన్నా బ్యాండులో ఊదేవాడివి, సాన్ రొక్కు భక్తుడు కాల్చిన రొట్టె నీ గొంతు దిగుతుందా" అన్నాను. దిగింది. ఇంకో ముక్క కూడా దిగింది.

ఫోన్లో నీకు వినపడేలా అరిస్తే పక్కింటావిడ గోడ కొడుతోంది, అందుకే రాస్తున్నాను. ఏటేటా పండగ ఔట్లు పేల్చి నీ చెవులు ఎలాగూ పోగొట్టుకున్నావు, నా గొంతన్నా మిగలనీ.

నాకు కంపెనీలో కొత్త పదవి ఇచ్చారు. పేరు పొడుగ్గా ఉంటుంది, నువ్వు అనుమానాల అధికారి అనుకో చాలు. కంప్యూటర్లో జూదం ఆడించే కంపెనీకి లైసెన్సు నిలవాలంటే నాలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలి. ఆడడానికొచ్చినవాడి డబ్బు ఎక్కడిదో అడగాలి. చెప్పింది నమ్మబుద్ధి కాకపోతే ప్రభుత్వం వాళ్ళ విభాగానికి రాసి పంపాలి. పంపినట్టు మాత్రం వాడికి గాని, నా మొగుడికి గాని, ఆఖరికి వీధిలో కుక్కకి గాని తెలియకూడదు. తెలిసేలా ఒక్క మాట జారినా జైలుకి పోయేది నేనే.

జీతం పెరిగింది కదా అని సంతోషపడదామంటే ఆ ఆఫీసు సంగతి విను. ముందు గదిలో లైసెన్సుకి అద్దాల చట్రం కట్టి, కింద చిన్న దీపం పెట్టారు, మన అమ్మ మరియమ్మ పటం ముందు పెట్టేది, అలాంటిదే. లోపల గదిలో కుర్రాళ్ళు బాగా పోగొట్టుకునేవాళ్ళకి ఫోన్లు చేసి పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతుంటారు. ఎక్కడో ఉత్తరాది దేశంలో ఒకావిడ, నన్ను ఆరునెలలు ఆడనివ్వకండి బాబూ అని తనే రాసిచ్చింది. గడువు తీరిన పొద్దున్నే ఆవిడ గుమ్మంలో మా కంపెనీ పూలగుత్తి. అది పంపినవాడికి ఆ నెల బహుమతి కూడా ఇచ్చారు. ఛీ, రాస్తుంటేనే చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది.

పన్ను సంగతి చెబితే నువ్వు పొయ్యి ఆర్పేసి పడుకుంటావు. వాటాదార్లు బయటి దేశాలవాళ్ళు కాబట్టి, కంపెనీ కట్టిన పన్నులో చాలా భాగం మళ్ళీ వాళ్ళ చేతికే వస్తుంది. అంతా చట్టప్రకారమే. నువ్వు పిండి మీద, ఉప్పు మీద, పొయ్యి మీద కట్టింది మాత్రం ఎప్పుడన్నా తిరిగొచ్చిందా.

నిన్న ఒక ఫైలు వచ్చింది. మా దగ్గరికి మొదట నంబర్లే వస్తాయి, పేరు నేనింకా చూడలేదు. ఆయన బోలెడు డబ్బు పోస్తాడు. తిరిగే చక్రం ఆటలో ఎరుపు మీదా నలుపు మీదా ఒకేసారి సమానంగా కాస్తాడు, అంటే గెలిచేదీ లేదు, పోయేదీ దాదాపు లేదు. తర్వాత మొత్తం తీసుకుంటాడు. మురికి చొక్కా ఇచ్చి ఇస్త్రీ చొక్కా పట్టుకెళ్ళినట్టు. డబ్బెక్కడిదండీ అని అడిగితే ఒకే ఒక్క మాట రాశాడు: తేనె. తేనె అమ్ముతాడట. అంత తేనె రావాలంటే మాల్టా, గోజో రెండు దీవులూ కలిపి పూలతోట చేసినా చాలదు. మా పెద్దాయన హెన్రిక్ ముందు ఆ కాగితం పెట్టాను. "మంచి కస్టమరు, తొందరేముంది" అని లంచ్‌కి వెళ్ళిపోయాడు.

జూజా వదినకి ముద్దులు. మోకాళ్ళకి ఆ నూనె మానకు.

నీ చెల్లెలు,
ఇనెజ్


గోజో,
మార్చి 20

దారి తప్పిన చెల్లీ,

నిన్న సాన్ జుజెప్ పండగ, కొట్టు మూసి తీరిగ్గా నీ ఉత్తరం పట్టుకున్నాను. ఆ పూలగుత్తి దగ్గరే ఆపేశాను, ఒళ్ళు మండిపోయింది. మిగతాది చదవలేదు, చదవను కూడా. అలాంటి చోట ఎందుకు పనిచేస్తావే. వచ్చి రొట్టెలు అమ్ము. నీ పదవి పేరు విని మీ వదిన, "ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ అనుమానప్పీనుగే, ఇప్పుడు దానికి జీతం కూడా ఇస్తున్నారా" అంది.

ఇప్పుడు అసలు సంగతి. చదివి నీ మొగుడికి చెప్పావంటే నా చెల్లెలివి కావు. పోయినేడు సాంత్ అన్నా క్లబ్బు వాళ్ళు వాళ్ళ తల్లి విగ్రహానికి బంగారుపూత గొడుగు చేయించి, చౌకులో మన సాన్ రొక్కు క్లబ్బు ఎదురుగా కావాలని ఎంతసేపు నిలబెట్టారో మర్చిపోలేదు. మీ వెన్జు ట్రాంబోను మన కిటికీ వైపు తిప్పి మరీ ఊదాడు. అదే బ్యాండువాడి ఇంటికి నువ్వు కోడలిగా పోయావు, నాన్న మన క్లబ్బు డోలు మోసిన మనిషి, ఆ పెళ్ళినాడు ఆయన మొహం నేను చూశాను. సరే, పాత గొడవ.

ఈ ఆగస్టుకి సాన్ రొక్కు వెండి పీఠం మీద వస్తాడు. అవును, వెండి. పాత చెక్క పీఠాన్ని పురుగు తొలిచేసింది, మోసేవాళ్ళ భుజాల మీద పొట్టు రాలుతోంది. పక్కూరి ఎజిడ్యు గారని, సముద్రం ఒడ్డు కొండ మీద తేనెపెట్టెలు పెట్టుకున్న పెద్దమనిషి, ఒకరోజు క్లబ్బుకొచ్చి విగ్రహం ముందు మోకరించి కళ్ళు తుడుచుకున్నాడు. పీఠం ఖర్చంతా నాదే అన్నాడు. షరతు లేదు, పేరు కూడా వద్దన్నాడు, మేమే చెక్కిస్తామన్నాం. డబ్బు క్లబ్బు ఖాతాలో వేస్తాడు, సిసిలీలో కంసాలిని ఆయనే చూశాడు, నేను సంతకం పెట్టి అక్కడికి పంపాలి, అంతే పని. నేనెందుకంటావా, నన్ను ఖజాంచీని చేశారు. మీ అన్నయ్య అంటే ఏమనుకున్నావు.

కమిటీలో ప్రతి ఒక్కరికీ ఒక తేనె సీసా ఇచ్చాడు. ఆహా, మన కొండ వాము పూల వాసన. నీకని ఇంకోటి అడిగి తీసుకున్నాను, జున్ను వ్యాను నడిపే చెనుతో పంపుతున్నాను. దగ్గుకి మంచిది.

ఆగస్టు పదహారు పండక్కి మామూలుగానే బాల్కనీలో అమ్మ కుర్చీ నీది. పీఠం మెరుపుకి కళ్ళు చెదిరితే నల్ల కళ్ళద్దాలు తెచ్చుకో.

అన్నయ్య,
నార్దు


మోస్తా,
ఏప్రిల్ 4

అన్నయ్యా,

తేనె సీసా చెనుతోనే వెనక్కి పంపాను. మూత తియ్యలేదు. నేను తీసుకోకూడదు. నువ్వు కూడా తీసుకోకుండా ఉంటే బాగుండేది.

ఈ సంవత్సరం సాన్ రొక్కుని పాత పీఠం మీదే ఊరేగించండి. పొట్టు రాలితే రాలనీ, కింద గుడ్డ కట్టండి. వెండి లేదని ఆయనేం అలగడు. సిసిలీకి నువ్వు సంతకం పెట్టకు. ఖజాంచీ పని వదిలెయ్, మోకాళ్ళ నొప్పులని చెప్పు, ఏదో ఒకటి చెప్పు.

ఎందుకని అడగకు. అడిగినా చెప్పను. ఇలా రాయడానికి ముందు ఎన్ని కాగితాలు చింపానో మా చెత్తబుట్టకి తెలుసు. అమ్మ మీద ఒట్టు, ఇందులో వెన్జు మాట గాని, సాంత్ అన్నా మాట గాని ఒక్కటీ లేదు.

ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచు. వదినకి కూడా చూపించకు.

ఇనెజ్


గోజో,
ఏప్రిల్ 24

శ్రీమతి సాంత్ అన్నా గారికి,

సీసా చేరింది. క్లబ్బు బల్ల మీద పెట్టాను, అందరూ చూడాలని.

నీకు నేనేం తక్కువ చేశానే. నాన్న ఉండగానే ఎదుటి బ్యాండు ఇంటికి పోయావు, ఊరుకున్నాను. నీ పిల్లలకి ఆ ఇంటి పేర్లు పెట్టావు, ఊరుకున్నాను. ఏటా పండక్కి అమ్మ కుర్చీ నీకే వేశాను. ఇన్నేళ్ళకి మన సాన్ రొక్కుకి ఒక మంచి పీఠం అమరుతుంటే నీకు కడుపు మంట. మోకాళ్ళ నొప్పులని చెప్పాలట. వెన్జు పక్కన కూర్చుని చెబుతుంటే నువ్వు రాశావని నాకు తెలియదనుకున్నావా. అమ్మ మీద ఒట్టు కూడా వేశావు, నోటికి ఎలా వచ్చిందో.

శనివారం క్లబ్బులో కుందేలు విందు చేశాం. వైను పోసుకున్నాక లేచి నీ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. "పొట్టు రాలితే రాలనీ, కింద గుడ్డ కట్టండి" దగ్గర ప్రెసిడెంటు నవ్వి నవ్వి ఎముక గొంతులో పట్టుకుని దగ్గాడు. ఎజిడ్యు గారు కూడా బాగా నవ్వాడు. తర్వాత ఏదీ ఇటివ్వండి అని తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదువుకున్నాడు, ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. అంత పెద్దమనిషికి నీ రాత వల్ల మనసు నొచ్చిందేమో, నాకు తల కొట్టేసినట్టయింది.

నీ పరువు ఇంకో రకంగా కూడా పోయింది. ఆయన వెంట ఒక పొడుగాటి తెల్లదొర వచ్చాడు, ఎండకి ఉడికించిన రొయ్యలా ఉన్నాడు. ఎవరనుకున్నావు, మీ కంపెనీ పెద్దాయనే, హెన్రిక్ అట. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని కూర్చున్నారు, పాత స్నేహంట. ఇనెజ్ నా చెల్లెలని చెప్పగానే, "చాలా జాగ్రత్త గల మనిషి" అన్నాడు. ఆ తర్వాత ఎజిడ్యు గారు ఆయన చెవిలో ఏదో చెప్పాడు, కాఫీ కూడా ముట్టకుండా పడవకి వెళ్ళిపోయారు.

సోమవారం బ్యాంకుకెళ్ళి సిసిలీకి ఇంకో విడత పంపాను. సంతకం మామూలు కంటే పెద్దగా పెట్టాను.

కుర్చీ తీసేశాను. పండక్కి రానక్కర్లేదు.

నార్దు


మోస్తా,
మే 9

నార్దూ,

ఉత్తరం నీ దగ్గరే ఉంచమన్నాను. ఒక్క మాట అడిగాను, అదొక్కటీ చెయ్యలేకపోయావు.

నన్ను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. పొద్దున్నే హెన్రిక్ గదిలోకి పిలిచారు, పక్కన వకీలు. బల్ల మీద నా చేతిరాత, నీ క్లబ్బు వైను మరక కూడా ఆ ఫొటోలో కనపడుతోంది. "పాత పీఠం మీదే ఊరేగించండి" అన్నదాన్ని ఆ వకీలు ఇంగ్లీషులోకి మార్చి చదివితే ఏదో హత్యకి పన్నాగంలా వినపడింది. నేను బయటివాళ్ళకి హెచ్చరిక పంపానట. పదవిలో ఉండి రహస్యం దాటించానట. కంపెనీయే నా మీద ఫిర్యాదు ఇచ్చింది. ఎంత నీతిమంతులో చూడు.

మార్చిలో హెన్రిక్ ముందు ఒక కాగితం పెట్టానని రాశాను గుర్తుందా, తొందరేముందని లంచ్‌కి వెళ్ళాడని. ఆ లంచ్ ఎవరితోనో నీ కుందేలు విందు గురించి చదివాక గాని నాకు తెలియలేదు. నేను మాత్రం ఆయన లంచ్ అయ్యేదాకా ఆగలేదు, పంపాల్సిన చోటికి అప్పుడే పంపేశాను. ఆ సంగతి ఇప్పుడు వాళ్ళకి తెలిసింది. నోరు జారి ఆ కస్టమరుకి చెప్పింది వాళ్ళు, నిజం తెలుసుకుని పారిపోతున్నది వాళ్ళవాడు, నేరం నాది. అసహ్యంతో నోట్లో చేదు ఊరుతోంది. ఏం తిన్నా పోవట్లేదు.

నేను ఎవరి పేరూ రాయలేదు. ఎవరికీ ఏదీ చెప్పలేదు. నా అన్న ఒక గోతిలోకి నడుస్తుంటే చొక్కా పట్టుకుని లాగాను, అంతే. చొక్కా చిరిగిందని నువ్వు ఊరంతా చాటావు.

వాళ్ళు నీ దగ్గరికి వస్తారు. నా ఉత్తరం గురించి అడుగుతారు, నీ సంతకాల గురించి కూడా అడుగుతారు. అది హెచ్చరిక అని తేలితే నాకు జైలు. నా కోసమని ఒక్క ముక్క కల్పించకు, నీకు అబద్ధం చెప్పడం చేతకాదు, చెవుల దాకా ఎర్రబడతావు. జరిగింది జరిగినట్టు చెప్పు.

రొట్టెలు పంపకు.

ఇనెజ్


గోజో,
జూన్ 15

చెల్లీ,

నీకు రాయడానికి నాకు మొహం లేదు. అయినా రాయాలి.

నీ మే ఉత్తరం వచ్చిన సాయంత్రం జూజా నన్ను కూర్చోబెట్టి, నీ మార్చి ఉత్తరాన్ని నా కుడి చెవిలో గట్టిగా చదివింది. పూలగుత్తి తర్వాత ఏముందో అప్పుడు విన్నాను. జూజా కాగితం మడిచి నా వైపు చూసింది. ఆ చూపు కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ మార్చి ఉత్తరం గురించి ఇంకెప్పుడూ ఎక్కడా అనకు. మర్నాడు కొట్లో కాగితం సంచులు అయిపోయాయి, దాంతోనే ఎవరికో ఫ్తీరా రొట్టె చుట్టి ఇచ్చేశాను. ఎవరికో గుర్తు లేదు. తడిసి ఉంటుంది ఈపాటికి.

ఎజిడ్యు సిసిలీ పడవ ఎక్కుతూ దొరికాడు. గారు అని రాయను ఇక. పోలీసులు కొండ మీది తేనెపెట్టెలు తెరిస్తే లోపల ఒక్క తేనెటీగ కూడా లేదు, బల్లులు కాపురం చేస్తున్నాయి. సీసాల్లో తేనె పెద్ద బజారులో డబ్బాలతో కొని పోసిందట. దాన్ని నేను నాలుక మీద పెట్టుకుని కొండ వాము అన్నాను. నా నోరు నేను సబ్బుతో కడుక్కున్నాను, నిజంగానే. సిసిలీలో కంసాలీ లేడు, కొట్టూ లేదు, తలుపు మీద పేరుంది, అంతే. వాడి డబ్బు సాన్ రొక్కు మీదుగా వాడి దగ్గరికే చేరింది. మోసింది నేను. విగ్రహం ముందు ఏడ్చినవాడు ఎలా ఏడ్చాడో తలుచుకుంటే ఇంకా అసహ్యం వేస్తోంది.

మొన్న విచారణకి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు, పెద్ద దీవి దక్షిణం వైపు మనిషి. పక్కన సూటు వేసుకున్న సలహాదారు ఒకడు, మన దేశంవాడు కాదు. ముందు నా సంతకాలు నా ముందే పరిచారు. "మీరు దొంగా, మూర్ఖుడా" అని అడిగాడు. మూర్ఖుణ్ణే అన్నాను. అదే రాసి సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. ఈ ఏడు నేను పెట్టిన సంతకాల్లో సరైనది అదొక్కటే.

తర్వాత నీ ఉత్తరం తీశాడు. "రహస్యంగా ఉంచమని చెల్లెలు రాస్తే మీరు విందులో ఎందుకు చదివారు."

"అది సాంత్ అన్నా ఇంటి కోడలండీ" అన్నాను.

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టేశాడు. వాళ్ళ ఊళ్ళోనూ రెండు క్లబ్బులున్నాయట. వాళ్ళ పెద్దమ్మ ఎదుటి బ్యాండు వెళ్ళేటప్పుడు కిటికీలు బిగించి, ఉల్లిపాయలు వేయించేదట, ఆ వాసన వాళ్ళ మీదికి పోవాలని. సలహాదారుకి ఏమీ అర్థం కాలేదు. "ఒక పీఠం కోసం చెల్లెలు అన్నకి ఇలా రాస్తుందా" అన్నాడు. "దీనికంటే ఘోరంగా రాస్తారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అయినా నా మాట ఒక్కటే నమ్మలేదు. క్లబ్బులో ప్రతివాణ్ణీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. అందరూ ఒకే మాట: ఓర్వలేనితనం. ప్రెసిడెంటు నీ గురించి అన్నవి నేను ఇక్కడ రాయలేను. ఆఖరికి సాంత్ అన్నా ప్రెసిడెంటుని కూడా పిలిచారు. ఆయన ఛాతీ విరుచుకుని, "అవును, మా కోడలు మావైపు గట్టిగా నిలబడింది" అని చెప్పాడట. ఇది హెచ్చరిక కాదు, క్లబ్బుల పోరు అని ఇన్‌స్పెక్టరు కాగితాలు కట్ట కట్టేసుకున్నాడు.

నేను అబద్ధం చెప్పలేదు చెల్లీ. ఆ రోజు విందులో నేను నమ్మింది అదే. ఈ రోజు ఏం నమ్ముతున్నానో ఆయన అడగలేదు.

నా మీద కోపం ఉంచుకో. అది నీ హక్కు.

అన్నయ్య,
నార్దు


మోస్తా,
జూలై 22

అన్నయ్యా,

నా మీద ఫిర్యాదు కొట్టేశారు. నిన్న కాగితం వచ్చింది. నీకు ముందు రాద్దామని కూర్చుని, ఏం రాయాలో తోచక రెండు చేతుల్లో తల పెట్టుకుని ఏడ్చాను. వెన్జు కంగారుపడి టీ పెట్టాడు, పంచదార బదులు ఉప్పు వేశాడు.

కంపెనీకి జరిమానా వేశారు. పోయిన డిసెంబరులో ఆఫీసు పార్టీకి పెట్టిన ఖర్చు అంతకంటే ఎక్కువ. లైసెన్సు అలాగే ఉంది, చట్రం మార్చారట, దీపం కూడా పెద్దది పెట్టారట. హెన్రిక్ మొన్న సముద్రం ఒడ్డు హోటల్లో వేదికెక్కి శుభ్రమైన ఆట గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఎజిడ్యుతో స్నేహం సంగతి అడిగితే, పెద్ద కస్టమర్లతో పరిచయం వ్యాపారంలో మామూలే అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టారట. నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బయటికొచ్చేశాను. ఇచ్చిన మర్నాడు పొద్దున్న తలుపు తీస్తే గుమ్మంలో పూలగుత్తి. మళ్ళీ ఎప్పుడైనా రండి, మీ స్థానం మీకోసమే అని చీటీ. ఆ ఉత్తరాది ఆవిడ గుర్తొచ్చింది. పూలు కాలితో నెట్టుకుంటూ చెత్తకుండీ దాకా తీసుకెళ్ళాను, చేత్తో ముట్టుకోబుద్ధి కాలేదు.

దీనికంటే ఏడుపు ఇంకోటుంది. సాంత్ అన్నా క్లబ్బు వాళ్ళు నాకు సన్మానం చేస్తారట. శాలువా కూడా కొన్నారు. సాన్ రొక్కు వెండి పీఠాన్ని ఆపిన వీరనారినట నేను. నాన్న డోలు మోసిన భుజం మీద నన్ను ఎక్కించుకుని మన విగ్రహం చూపించేవాడు, ఆ పిల్లకి ఇప్పుడు ఈ శాలువా. ఒంట్లో బాగాలేదని చెప్పించాను. వెన్జు సిగ్గుతో ట్రాంబోను అటక మీద పెట్టేశాడు.

మన ఊళ్ళో నా గురించి ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. జున్ను వ్యాను చెను కూడా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు. జున్ను సంచీ కింద పెట్టి వెళ్ళిపోతున్నాడు. నిజం ఒక్కరికీ చెప్పుకోడానికి లేదు. చెప్పుకోవాలని ఉంది.

నీ మీద కోపం ఎంత ఉంచుకుందామన్నా నిలవడం లేదు. పండక్కి రానా. కుర్చీ లేకపోతే మెట్ల మీద కూర్చుంటాను. పాత పీఠం కిర్రుమనే చప్పుడు వినాలనుంది.

నీ చెల్లెలు,
ఇనెజ్


గోజో,
ఆగస్టు 18

ఇనెజ్,

పండక్కి రావద్దని చెనుతో నోటిమాటగా చెప్పించాను, అప్పుడు కాగితం మీద పెట్టడానికి భయమేసింది. వాడు మొరటుగానే చెప్పి ఉంటాడు, వాడికి ఏమీ తెలియదు. నువ్వు ఎంత బాధపడ్డావో నేను ఊహించుకోగలను. కారణం ఇప్పుడు రాస్తున్నాను. ఈ ఉత్తరం నీ దగ్గరే ఉంచు. ఈ మాట నీతో అనే అర్హత నాకు లేదు, అయినా అంటున్నాను.

ఎజిడ్యు కేసు కోర్టుకెక్కింది. నువ్వు పై వాళ్ళకి పంపిన కాగితం చెల్లకుండా చెయ్యాలని వాడి వకీలు మళ్ళీ నీ ఉత్తరం పట్టుకున్నాడు. అన్నాచెల్లెళ్ళు కలిసిపోయారని చూపించగలిగితే, అది ఓర్వలేనితనం కాదు, హెచ్చరికే అని వాదిస్తాడట. అప్పుడు నీ మీద ఫిర్యాదు మళ్ళీ తెరుస్తారు. పండగ రోజున మన గుమ్మానికి ఎదురుగా వాడి మనిషి ఒకడు పొద్దుటి నుంచీ ఐస్‌క్రీము తింటూ నిలబడ్డాడు. నువ్వు వచ్చి ఉంటే, నిన్ను చూసి నేను ఊరుకోలేకపోయేవాణ్ణి. నీకు తెలుసు నా సంగతి.

కాబట్టి కేసు తేలేదాకా నువ్వు నాకు శత్రువువి. మన కోర్టుల సంగతి తెలుసు కదా, అది తేలేసరికి నాకు రెండో చెవి కూడా పోతుంది. ఊళ్ళో నేను నిన్ను తిడుతూనే ఉండాలి. మొన్న క్లబ్బులో ఒకడు, "పాపం, అది కూడా మన రొక్కు బిడ్డే కదా" అంటే, కాదు అని బల్ల గుద్దాను. ఇంటికొచ్చి ఆ చేత్తోనే పిండి పిసికాను. నీ పేరు నా నోటితోనే పాడు చేస్తున్నాను, నిన్ను కాపాడాలంటే నాకు వేరే దారి కనపడలేదు. సన్మానానికి వెళ్ళు. శాలువా కప్పుకో. వాళ్ళు ఫొటో తీస్తే నవ్వు. వకీలు అది చూడాలి.

పండగ బాగా జరిగింది. క్లబ్బు ఖాతాలో మిగిలిన డబ్బు పోలీసులు సీలు వేశాక అటే పోయింది, వెండి లేదు, పాత పీఠమే. కింద గుడ్డ కట్టాం, నువ్వు చెప్పినట్టే. పొట్టు రాలలేదు. సాంత్ అన్నా వాళ్ళు ఎదురుగా నిలబడి వెండి వెండి అని ఎగతాళి పాట కట్టారు, మీ వెన్జు మాత్రం కనపడలేదు. ఇంకా అటక మీద పెట్టే ఉంచాడా ట్రాంబోను. దింపమను, ఆ శబ్దం లేక చౌకు బోసిగా ఉంది.

ఊరేగింపు రాకముందు జూజా అమ్మ కుర్చీ తెచ్చి బాల్కనీలో వేసింది. పక్కింటాయన ఎవరికోసం అన్నాడు. నా మోకాలికి అన్నాను, కాలు ఎత్తి దాని మీద పెట్టాను. ఊరేగింపంతా అయ్యేదాకా దించలేదు. తిమ్మిరెక్కి కాలు నాది కాకుండా పోయింది, అయినా ఇంకెవర్నీ అందులో కూర్చోనివ్వలేదు.

విగ్రహం మన బాల్కనీ కింద ఆగింది. పీఠం కిర్రుమంది, నాకు వినపడలేదు, జూజా చెప్పింది. సాన్ రొక్కు కాళ్ళ దగ్గర చెక్కిన ఆయన కుక్క తలెత్తుకుని సరిగ్గా ఆ కుర్చీ వైపే చూస్తోంది. దానికి అన్నీ తెలుసు. నోట్లో రొట్టె ఉంది కాబట్టి ఎవరికీ చెప్పదు.

రొట్టెలు చెనుతో పంపుతున్నాను, ఈ పొద్దుటివే. ఎవరన్నా అడిగితే పాచివి పంపాడని చెప్పు.

నీ శత్రువు,
నార్దు